సర్టిఫికెట్‌లోని ఆర్సెనిక్ అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

సముద్రపు నాచు పొడి ఒకే లాట్ నుంచి మూడు ల్యాబ్‌లకు వెళ్లిందనుకుందాం. మొదటి చోటి నుంచి ‘ఆర్సెనిక్: 3 పీపీఎం (కిలోకు 3 మి.గ్రా.) పరిమితి పరీక్షలో పాస్’ అని వస్తుంది. రెండో ల్యాబ్ ‘28 మి.గ్రా./కిలో’ అంటుంది. మూడోది ‘0.3 మి.గ్రా./కిలో’ అంటుంది. కొనుగోలు విభాగంలో కూర్చున్నవాళ్లకు ఇందులో కనీసం ఇద్దరు తప్పు చేశారనిపించడం సహజం. నిజానికి ముగ్గురూ తాము చేపట్టిన పద్ధతిని తూచా తప్పకుండా పాటించి ఉండొచ్చు. మొదటివాళ్లు తమ పద్ధతిలో విడిపోయి వాయువుగా బయటికొచ్చిన ఆర్సెనిక్‌ను మాత్రమే చూశారు. రెండోవాళ్లు ఏ రూపంలో ఉన్నదాన్నైనా కలిపి లెక్కేశారు. మూడోవాళ్లు ప్రమాదకరమైన అకర్బన రూపాన్ని, అంటే కార్బన్‌తో ముడిపడనిదాన్ని, విడదీసి కొలిచారు.

కాబట్టి ఆర్సెనిక్ అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. ఏ రూపాన్ని కొలిచారు, నమూనాను ఎలా కరిగించారు, నమూనా లేకుండా రసాయనాలతోనే చేసిన ఖాళీ పరీక్షలో, అంటే బ్లాంక్‌లో, ఎంత వచ్చింది అన్నవి పక్కన ఉంటేనే దానికి అర్థం.

ఎవరూ కలపకుండా ఎలా వస్తుంది?

ఆర్సెనిక్ గంధకంతో, ఇనుముతో, ఫాస్ఫరస్‌తో కలిసి భూమిలో ఉంటుంది. ఆ ఖనిజాల నుంచి తీసిన రసాయనాల వెంట అదీ వస్తుంది. ఐరన్ పైరైటీస్‌ను కాల్చి చేసే సల్ఫ్యూరిక్ ఆమ్లం దీనికి పాత ఉదాహరణ. 1900లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ ప్రాంతంలో బీరు తాగేవాళ్లకు వేలల్లో నరాల జబ్బు, చర్మం నల్లబడటం మొదలయ్యాయి. తాగుడు వల్ల వచ్చే నరాల వాపే అని వైద్యులు మొదట అనుకున్నారు. అసలు సంగతి బీరు తయారీలో వాడిన చక్కెరలో ఉంది. ఆ చక్కెర చేయడానికి వాడిన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఆర్సెనిక్ తొలగించనిది. సుమారు 6,000 మంది జబ్బుపడ్డారు, 70 మంది దాకా చనిపోయారు.

ఆ తర్వాత లార్డ్ కెల్విన్ అధ్యక్షతన వేసిన రాయల్ కమిషన్ ఇంకో దారిని కూడా గుర్తించింది. బొగ్గు, కోకు మంటల మీద మాల్ట్‌ను ఆరబెట్టేటప్పుడు ఇంధనంలోని ఆర్సెనిక్ గింజకు అంటుకుంటోంది. అంటే చక్కెరను మార్చినంత మాత్రాన బీరు పూర్తిగా శుభ్రపడదు.

1955లో జపాన్‌లో ఇలాంటిదే ఇంకా ఘోరంగా జరిగింది. పసిపిల్లల పాలపొడిలో స్థిరత్వం కోసం కలిపిన సోడియం ఫాస్ఫేట్ పారిశ్రామిక రకానిది, అందులో ఆర్సెనిక్ ఉంది. 12 వేలకు పైగా పసిబిడ్డలు జబ్బుపడ్డారు, వంద మందికి పైగా చనిపోయారు. కలిపిన ఫాస్ఫేట్ పాళ్లు తక్కువే. అయితే ఆ పిల్లలకు తిండి మొత్తం ఆ పొడే.

ఫాస్ఫేట్ విషయంలో చిక్కు రసాయన శాస్త్రంలోనే ఉంది. ఆవర్తన పట్టికలో ఫాస్ఫరస్ కిందనే ఆర్సెనిక్ ఉంటుంది, ఆర్సెనేట్ దాదాపు ఫాస్ఫేట్‌లాగే ప్రవర్తిస్తుంది. ఫాస్ఫేట్ రాయిని ఆమ్లంతో కరిగించినప్పుడు రెండూ కలిసే ద్రావణంలోకి వస్తాయి, స్ఫటికీకరణతో విడదీయడం కష్టం. అందుకే ఫుడ్ గ్రేడ్ ఫాస్ఫారిక్ ఆమ్లం తయారీలో సల్ఫైడ్ కలిపి, ఆర్సెనిక్‌ను పసుపుపచ్చటి ఆర్సెనిక్ సల్ఫైడ్‌గా అవక్షేపించి వడకడతారు. ఆ ఒక్క దశ సరిగ్గా జరగకపోతే ‘పారిశ్రామిక’, ‘ఫుడ్ గ్రేడ్’ మధ్య తేడా బస్తా మీది ముద్రే. ఐరన్ ఆక్సైడ్ రంగులు, కాల్షియం లవణాలు, ఉప్పు, సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్, క్యారజీనన్ వంటివన్నీ ఈ పరీక్ష పరిధిలోకి వచ్చేవే.

రూపాలు, కొలతలు

ఆహారంలో ఆర్సెనిక్ రెండు పెద్ద కుటుంబాలుగా ఉంటుంది. అకర్బన ఆర్సెనిక్‌లో ఆర్సెనైట్, ఆర్సెనేట్ అని రెండు. తెల్లపాషాణంగా జనానికి తెలిసిన విషం మొదటి కోవలోది. సేంద్రియ రూపాలు చాలా ఉన్నాయి: రొయ్యల్లో, సముద్రపు చేపల్లో ఎక్కువగా ఉండే ఆర్సెనోబీటెయిన్, నాచులోని ఆర్సెనోషుగర్లు, బియ్యంలో కనిపించే డైమిథైల్ ఆర్సెనిక్ ఆమ్లం. ఈ చివరిదాన్ని డీఎంఏ అంటారు. క్యాన్సర్ కారకాలను వర్గీకరించే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ అకర్బన ఆర్సెనిక్‌ను నిర్ధారిత కారకాల్లో, డీఎంఏను ‘కావచ్చు’ అనే వర్గంలో పెట్టింది. ఆర్సెనోబీటెయిన్‌ను వర్గీకరించడానికి వీల్లేనిదిగా వదిలేసింది. అది ఒంట్లోకి వెళ్లి దాదాపు మారకుండానే మూత్రంలో బయటికి వచ్చేస్తుంది.

కొలతల్లో పీపీఎం, మి.గ్రా./కిలో ఒకటే. పాత పత్రాలు చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ఆర్సెనిక్‌ను మూలకంగా చెప్పారా, ట్రైఆక్సైడ్‌గా చెప్పారా అన్నది చూసుకోవాలి. 1.32 గ్రాముల ట్రైఆక్సైడ్‌లో ఆర్సెనిక్ 1 గ్రామే. రాయల్ కమిషన్ 1903లో ఘనాహారానికి సూచించిన ‘పౌనుకు గ్రెయిన్‌లో నూరో వంతు’ను ట్రైఆక్సైడ్‌గా తీసుకుంటే కిలోకు 1.43 మి.గ్రా., మూలకంగా మారిస్తే 1.08. మన దేశంలో విడిగా పేర్కొనని ఆహారాలకు చాలాకాలం నడిచిన 1.1 పీపీఎం పరిమితి పక్కన పెట్టి చూస్తే ఆ పాత అంకె అంత దూరంగా ఏమీ అనిపించదు.

గుట్‌జైట్ పరీక్ష: కాగితం మీద మరక

1836లో జేమ్స్ మార్ష్ అనే ఆంగ్ల రసాయనవేత్త జింకు, ఆమ్లం కలిపి పుట్టించిన హైడ్రోజన్‌తో ఆర్సెనిక్‌ను ఆర్సీన్ వాయువుగా మార్చి పట్టుకునే పద్ధతి ప్రకటించాడు. 1879లో గుట్‌జైట్ అనే రసాయనవేత్త దాన్ని సులభం చేశాడు. వాయువును వేడిచేసి గాజు మీద అద్దంలా పేర్చే బదులు, రసాయనం పూసిన కాగితం మీద మరకగా చూడమన్నాడు. మన ఔషధ ప్రమాణాల గ్రంథం ఇండియన్ ఫార్మకోపియాలో ఎన్నో ముడిసరుకులకు చెప్పిన పరిమితి పరీక్షకు మూలం ఇదే.

ఏర్పాటు చిన్నదే. 120 మి.లీ. వెడల్పు మూతి సీసా, దాని రబ్బరు బిరడాలో 200 మి.మీ. పొడవు గాజు గొట్టం. గొట్టంలో లెడ్ ఎసిటేట్ ద్రావణంలో ముంచి ఆరబెట్టిన దూది, పైకొనలో రెండు రబ్బరు బిరడాల మధ్య బిగించిన మెర్క్యురిక్ క్లోరైడ్ కాగితం. కొన్ని దేశాల పద్ధతుల్లో మెర్క్యురిక్ బ్రోమైడ్ కాగితం వాడతారు. సీసాలో నమూనా ద్రావణం 50 మి.లీ. ఉంటుంది. దానికి స్టానస్ క్లోరైడ్ కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ., మోలార్ పొటాషియం అయొడైడ్ 5 మి.లీ. పోసి, 10 గ్రాముల జింకు గుళికలు వేసి వెంటనే బిగించాలి. సుమారు 40 డిగ్రీల వెచ్చదనంలో 40 నిమిషాలు ఉంచాలి. ఈ రియేజెంట్లన్నీ ఆర్సెనిక్ దాదాపు లేని ‘ఏఎస్‌టీ’ రకానివై ఉండాలి. పక్కనే, అదే సమయంలో, నమూనాకు బదులు 10 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్న 1 మి.లీ. స్టాండర్డ్ ద్రావణంతో ఇంకో సీసా నడపాలి. నమూనా మరక స్టాండర్డ్ మరక కంటే ముదురుగా లేకపోతే పాస్.

ఇందులో ప్రతి రియేజెంట్‌కూ ఒక పని ఉంది. ఆర్సెనేట్ నుంచి ఆర్సీన్ రావడం చాలా నెమ్మది, అందుకే అయొడైడ్, స్టానస్ క్లోరైడ్ కలిసి దాన్ని ముందుగా ఆర్సెనైట్‌గా దించుతాయి. స్టానస్ క్లోరైడ్ జింకు మీద పనిచేసి వాయువు ఒక్కసారిగా కాకుండా నిలకడగా వచ్చేలా కూడా చూస్తుంది. దూదిలోని లెడ్ ఎసిటేట్ హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టేస్తుంది. అది దాటిపోతే కాగితం ఆర్సెనిక్ లేకుండానే నల్లబడుతుంది.

నమూనా బరువు లెక్క ఇలా ఉంటుంది. స్టాండర్డ్ సీసాలో ఎప్పుడూ 10 మైక్రోగ్రాములే అయితే, పరిమితి మారినప్పుడు మార్చేది నమూనా బరువు. 1 పీపీఎం పరిమితికి 10 గ్రాములు తీసుకోవాలి. 3 పీపీఎం పరిమితి ఉన్న ఫాస్ఫేట్‌కు 10 ÷ 3, అంటే 3.33 గ్రాములు. ఇక్కడ పొరపాటున 1 గ్రాము తూచి పాత స్టాండర్డ్‌తోనే పోలిస్తే అసలు పరీక్షించింది 10 పీపీఎం పరిమితిని. మరక లేతగానే వస్తుంది, అందరూ సంతోషిస్తారు.

ఆర్సీన్ అత్యంత విషపూరిత వాయువు. 10 మైక్రోగ్రాముల నుంచి వచ్చేది కొంచెమే అయినా, ఆర్సెనిక్ ఎంతుందో తెలియని నమూనాను ఫ్యూమ్‌హుడ్ బయట పరీక్షించడం తగదు.

మరక ఎక్కడ మోసం చేస్తుంది

తప్పుడు పాస్‌లు తప్పుడు ఫెయిల్‌ల కంటే ప్రమాదకరం, అవే ఎక్కువ తేలిగ్గా జరుగుతాయి. నమూనాను నైట్రిక్ ఆమ్లంతో కరిగించి, ఆ ఆమ్లాన్ని పూర్తిగా పోగొట్టకపోతే, మిగిలిన నైట్రేట్ పుట్టే హైడ్రోజన్‌ను తినేస్తుంది. ఆర్సీన్ తగ్గిపోతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం తెల్లటి పొగలు వచ్చేదాకా కాచి, చల్లార్చి, నీళ్లు పోసి మళ్లీ పొగలు వచ్చేదాకా కాచమనడం ఇందుకే. రాగి, ఇతర భార లోహాలు నమూనాలో ఎక్కువగా ఉంటే జింకు మీద పేరుకుని చర్యను చెడగొడతాయి. గుళికల పరిమాణం మారినా వాయువు వేగం మారి మరక ఆకారం మారుతుంది. వేగంగా వస్తే వెడల్పుగా, పల్చగా వ్యాపిస్తుంది. నెమ్మదిగా వస్తే చిన్నగా, ముదురుగా ఉంటుంది.

తప్పుడు ఫెయిల్‌లకు ముఖ్య కారణాలు యాంటిమొనీ, ఫాస్ఫరస్. యాంటిమొనీ కూడా ఇలాంటి వాయువునే ఇచ్చి కాగితం మీద మరక వేస్తుంది. ఫాస్ఫేట్‌తో చిక్కు రాదు గానీ హైపోఫాస్ఫైట్, ఫాస్ఫైట్ ఉంటే ఫాస్ఫీన్ పుట్టి పసుపు మరక పడుతుంది. నమూనాను ముందే ఆక్సీకరణం చేసి వాటిని ఫాస్ఫేట్‌గా మార్చకపోతే ఆ మరకను ఎవరు చూసినా ఆర్సెనిక్ అనే అంటారు.

కాగితం తడవకూడదు, వెలుతురులో పెట్టి తర్వాత చూద్దామనుకోకూడదు. మరక వెలిసిపోతుంది. నిన్నటి స్టాండర్డ్ మరకతో ఈరోజు నమూనాను పోల్చడం ఇంకా మామూలుగా జరిగే తప్పు.

ఈ పరీక్షను చులకన చేసేవాళ్లు మరిచిపోయే గుణం ఒకటుంది. స్టాండర్డ్, నమూనా ఒకే రియేజెంట్లతో, ఒకే వేడిలో, ఒకే సమయంలో నడుస్తాయి. జింకులో ఆర్సెనిక్ ఉంటే రెండింటిలోనూ కనబడుతుంది. స్టాండర్డ్‌లోనే మరక రాకపోతే పరీక్ష చెల్లదని వెంటనే తెలుస్తుంది. యంత్రం స్క్రీన్ మీది అంకె ఇంత నిక్కచ్చిగా తన తప్పును తాను బయటపెట్టదు. ఇక దీని అసలు లోపం, ఇది ‘ఇంతకంటే తక్కువ’ అని మాత్రమే చెబుతుంది. 2.9 ఉన్నా 0.1 ఉన్నా ఒకటే ముద్ర.

రంగు నుంచి అంకెకు

కాగితం బదులు వాయువును సిల్వర్ డైఇథైల్‌డైథయోకార్బమేట్ ద్రావణంలోకి పంపితే ఎర్ర రంగు వస్తుంది. 535–540 నానోమీటర్ల దగ్గర దాన్ని కొలిస్తే అంకె దొరుకుతుంది. ఆ రియేజెంట్‌ను పిరిడీన్‌లో కరిగించాలి. ఆ కంపు భరించినవాళ్లకు ఈ పద్ధతి ఎందుకు మరుగున పడుతోందో చెప్పనక్కర్లేదు. యాంటిమొనీ ఇక్కడ కూడా ఎర్రగానే కనబడుతుంది, కాకపోతే దాని శిఖరం కొంచెం తక్కువ తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది.

తర్వాతి మెట్టు హైడ్రైడ్ జనరేషన్ అటామిక్ అబ్జార్ప్షన్, అంటే ఆర్సీన్‌ను పుట్టించి, అందులోని ఆర్సెనిక్ పరమాణువులు ఎంత కాంతిని పీల్చుకున్నాయో కొలవడం. జింకు స్థానంలో సోడియం బోరోహైడ్రైడ్, కాగితం స్థానంలో సుమారు 900 డిగ్రీల వేడిలో ఉన్న క్వార్ట్జ్ గొట్టం, కంటి స్థానంలో 193.7 నానోమీటర్ల కాంతి. సూత్రం మార్ష్ కాలం నాటిదే. అందుకే దాని బలహీనతా అదే: హైడ్రైడ్‌గా మారని ఆర్సెనిక్ కనబడదు. నైట్రిక్ ఆమ్లంతో కరిగించిన నమూనాలో అకర్బన ఆర్సెనిక్ అంతా ఆర్సెనేట్‌గా ఉంటుంది. స్టాండర్డ్‌ను ఆర్సెనైట్‌తో తయారుచేసి, నమూనాను మాత్రం ముందు క్షయకరణం చేయకుండా, అంటే ఆర్సెనైట్‌గా దించకుండా, పెడితే ఫలితం గణనీయంగా తగ్గుతుంది. పొటాషియం అయొడైడ్, ఆస్కార్బిక్ ఆమ్లం కలిపి అరగంట నుంచి గంట ఆగడం ఇందుకే. కలిపాక ద్రావణం గోధుమరంగుకు తిరిగితే నైట్రోజన్ ఆక్సైడ్లు మిగిలాయని, అయొడైడ్ వాటితోనే ఖర్చవుతోందని అర్థం. అలాంటి ద్రావణాన్ని యంత్రానికి పెట్టి లాభం లేదు.

ఐసీపీ-ఎంఎస్, ఉప్పులో దొంగ ఆర్సెనిక్

నేడు పెద్ద ల్యాబ్‌లు, హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔషధ కంపెనీల ల్యాబ్‌లతో సహా, ఐసీపీ-ఎంఎస్ వైపు, అంటే ప్లాస్మాతో పనిచేసే మాస్ స్పెక్ట్రోమీటర్ వైపు, మళ్లాయి. ఔషధ ప్రమాణాలను దేశాల మధ్య ఏకం చేసే అంతర్జాతీయ మండలి ఐసీహెచ్ మూలక మలినాలపై ఇచ్చిన క్యూ3డీ మార్గదర్శకం, 2018 జనవరి 1న అమెరికా ఫార్మకోపియా పాత భార లోహాల పరీక్షను తీసేసి అంకెలు అడిగే కొత్త అధ్యాయాలను అమల్లోకి తేవడం ఈ మార్పును తొందరపెట్టాయి. ఈ యంత్రం నమూనాను ఆర్గాన్ ప్లాస్మాలో అయాన్లుగా విడగొట్టి ద్రవ్యరాశిని బట్టి లెక్కిస్తుంది. ఆర్సెనిక్‌కు స్థిరమైన ఐసోటోప్ (ఒకే మూలకంలో వేరే ద్రవ్యరాశి ఉన్న రకం) ఒక్కటే, ద్రవ్యరాశి 75. అక్కడ అడ్డం వస్తే పక్క ఐసోటోప్‌కు మారే వీలు లేదు.

అడ్డం ఖాయంగా వస్తుంది. ప్లాస్మాలోని ఆర్గాన్ 40, నమూనాలోని క్లోరిన్ 35 అతుక్కుంటే సరిగ్గా 75. ఉప్పు విషయంలో దీని బరువు ఎంతో చూద్దాం. 0.5 గ్రాముల ఉప్పును 50 మి.లీ. చేస్తే పలుచన 100 రెట్లు. ఈ అతుకు వల్ల ద్రావణంలో లీటరుకు 2 మైక్రోగ్రాముల దొంగ ఆర్సెనిక్ కనబడిందనుకుంటే, నమూనాలో అది కిలోకు 200 మైక్రోగ్రాములు, అంటే 0.2 మి.గ్రా. ఆహార ఉప్పుకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి 0.5 మి.గ్రా./కిలో. లేని ఆర్సెనిక్ పరిమితిలో ఐదింట రెండు వంతులు తినేసింది.

పాత విరుగుడు లెక్కతో సవరించడం. క్లోరిన్ 35, 37 నిష్పత్తి సుమారు 3.13. 77 దగ్గర వచ్చిన సంకేతాన్ని 3.13తో హెచ్చవేసి 75 నుంచి తీసేయొచ్చు. కానీ 77 దగ్గర సెలీనియం కూడా ఉంటుంది, దాన్ని తీసేయడానికి 82ను చూడాలి. 82 దగ్గర ఆర్గాన్‌లో మలినంగా వచ్చే క్రిప్టాన్ ఉంటుంది. కాపలావాడికి కాపలా పెట్టాల్సి వస్తోంది. ఇప్పటి యంత్రాల్లో మధ్యలో ఒక గదిలోకి హీలియం పంపుతారు. పెద్దగా ఉండే అతుకు అయాన్లు హీలియంతో ఎక్కువసార్లు ఢీకొని వేగం పోగొట్టుకుని వెనకబడతాయి, ఆర్సెనిక్ దాటుతుంది.

హీలియం పెట్టాం కాబట్టి గొడవ తీరిందనుకుంటే ఫాస్ఫేట్లలో దెబ్బతింటాం. ఫాస్ఫేట్ రాయిలో అరుదైన మృత్తికా లోహాలుంటాయి. ద్రవ్యరాశి 150 ఉన్న నియోడిమియం, సమేరియం రెండు ఆవేశాలు పొందితే యంత్రానికి 75గానే కనబడతాయి. ఇవి అతుకులు కావు, ఒంటరి అయాన్లు, హీలియం వీటిని ఆపలేదు. ఆక్సిజన్ పంపి, దానితో కలిసిన ఆర్సెనిక్‌ను 91 దగ్గరికి జరిపి చూసే మూడు క్వాడ్రుపోల్‌ల (ద్రవ్యరాశిని బట్టి అయాన్లను వడకట్టే భాగాల) యంత్రాలు దీనికి పనికొస్తాయి. అవి లేనిచోట నియోడిమియం, సమేరియం ఎంత ఉన్నాయో చూడకుండా ఫాస్ఫేట్ ఫలితాన్ని నమ్మడం కష్టం.

మూడో చిక్కు కార్బన్. సరిగ్గా కరగని ఆహార నమూనాలో మిగిలిన కార్బన్ ప్లాస్మాలో ఆర్సెనిక్ అయానీకరణను పెంచి అంకెను ఎగదోస్తుంది. స్టాండర్డ్‌లకూ నమూనాలకూ ఒకే మోతాదులో మిథనాల్ లేదా ఐసోప్రొపనాల్ కలిపి, కార్బన్ ప్రభావాన్ని అన్నింట్లో సమానం చేయడం దీనికి వాడుకలో ఉన్న ఉపాయం.

కరిగించడం దగ్గరే సగం ఫలితం తేలిపోతుంది

నీళ్లలోనో సజల ఆమ్లంలోనో కరిగే లవణాలతో ఇబ్బంది లేదు. సేంద్రియ పదార్థంతోనే పేచీ. ఆర్సెనిక్ ట్రైక్లోరైడ్ 130 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. క్లోరైడ్ ఉన్న నమూనాను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించేటప్పుడు అది బొగ్గులా నల్లబడితే, ఆ బొగ్గు ఆర్సెనిక్‌ను క్షయకరణం చేస్తుంది. ట్రైక్లోరైడ్‌గా అది ఆవిరై పోతుంది. నలుపు కనబడకముందే చుక్కచుక్కగా నైట్రిక్ ఆమ్లమో హైడ్రోజన్ పెరాక్సైడో పోస్తూ ఉండమని పద్ధతులు పట్టుబట్టేది ఇందుకే. మఫిల్ ఫర్నేస్‌లో బూడిద చేసేటప్పుడు మెగ్నీషియం నైట్రేట్ కలపకపోతే ఇదే గతి.

ఆర్సెనోబీటెయిన్ కథ దీనికి వ్యతిరేకం. అది పోదు, కానీ విరగదు కూడా. 200 డిగ్రీల మైక్రోవేవ్‌లో నైట్రిక్ ఆమ్లంతో కరిగించినా అది చాలావరకు చెక్కుచెదరదు. ఐసీపీ-ఎంఎస్‌కు ఇబ్బంది లేదు, ప్లాస్మా దాన్ని ఎలాగూ ముక్కలు చేస్తుంది. హైడ్రైడ్ పద్ధతికి మాత్రం అది కనబడదు. అందువల్ల ఒకే రొయ్యల పొడికి ఒక యంత్రం పెద్ద అంకె, ఇంకోటి చిన్న అంకె ఇస్తాయి. మొదట్లో చెప్పిన నాచు పొడి పజిల్‌లో మొదటి రెండు ల్యాబ్‌ల తేడా చాలావరకు ఇదే కోవలోది.

కొన్ని పదార్థాలకు పూర్తిగా కరిగించకపోవడమే నియమం. ఎఫ్ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ జేఈసీఎఫ్ఏ, టైటానియం డయాక్సైడ్ రంగుకు ఇచ్చిన 1 మి.గ్రా./కిలో పరిమితి సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి దిగివచ్చే ఆర్సెనిక్‌కే వర్తిస్తుంది. కడుపులో కరగనిదాన్ని లెక్కపెట్టడం దేనికన్నది దాని వెనక ఉన్న వాదన. మొత్తం కొలిస్తేనే ముడిసరుకు నాణ్యత తెలుస్తుందన్నది ఎదుటి వాదన. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో మొత్తం కరిగించి తెచ్చిన అంకెను ఆ పరిమితితో పోల్చడం మాత్రం ఏ వాదన ప్రకారమూ సరికాదు.

బ్లాంక్ గురించి ఒక లెక్క. పది బ్లాంక్‌ల మధ్య ప్రామాణిక విచలనం లీటరుకు 0.01 మైక్రోగ్రాము అనుకుందాం. నమ్మకంగా చెప్పగల కనిష్ఠ అంకె దానికి పది రెట్లు, 0.1 మైక్రోగ్రాము. 100 రెట్ల పలుచనతో నమూనాలో అది 0.01 మి.గ్రా./కిలో. మొత్తం పలుచనను 1,000 రెట్లకు పెంచితే అదే ల్యాబ్ నిజాయతీగా చెప్పగలిగేది 0.1. ‘కనబడలేదు’ అనే మాటకు పక్కన ఈ అంకె లేకపోతే దానికి విలువ లేదు.

బియ్యంలో అసలు తగువు

బియ్యం పిండికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ అమ్మే రిఫరెన్స్ పదార్థం (ల్యాబ్‌లు తమ కొలతను సరిచూసుకునే నమూనా) 1568బీ మీది ధ్రువీకృత అంకెలు చూడండి. మొత్తం ఆర్సెనిక్ 0.285 మి.గ్రా./కిలో, అందులో డీఎంఏ 0.180, అకర్బనం 0.092. పాలిష్ బియ్యానికి కోడెక్స్ 2014లో పెట్టిన పరిమితి అకర్బన ఆర్సెనిక్‌కు 0.2. మొత్తం అంకెను పట్టుకుని చూస్తే ఈ పిండి పరిమితి దాటింది. సరైన అంకెతో చూస్తే సగం కూడా లేదు.

విడదీయడానికి సుమారు 1 గ్రాము పిండిని 10 మి.లీ. 0.28 మోలార్ నైట్రిక్ ఆమ్లంలో 95 డిగ్రీల వద్ద 90 నిమిషాలు ఉంచి, వచ్చిన ద్రావణాన్ని, రూపాలను ఒకదాని తర్వాత ఒకటిగా విడదీసే అయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్ గుండా ఐసీపీ-ఎంఎస్‌కు పంపుతారు. ఈ సజల ఆమ్లం ఆర్సెనిక్‌ను పిండి నుంచి బయటికి తెస్తుంది, డీఎంఏను మాత్రం విరగ్గొట్టదు. ఆర్సెనైట్, ఆర్సెనేట్ మధ్య మార్పు ఈ క్రమంలో జరగొచ్చు, జరిగినా రెండూ అకర్బనమే కాబట్టి కూడికకు నష్టం లేదు. గట్టి ఆమ్లంతో ఎక్కువ వేడి చేస్తే మాత్రం సేంద్రియం విరిగి అకర్బనంగా లెక్కలోకి వస్తుంది. అందుకే ప్రతి బ్యాచ్‌తో రిఫరెన్స్ పిండిని కూడా నడిపి డీఎంఏ 0.180 దగ్గర వస్తోందో లేదో చూడాలి.

పరిమితులు దేశాన్ని బట్టి, తినేవాళ్ల వయసును బట్టి మారతాయి. ముడిబియ్యానికి కోడెక్స్ 0.35 అంటుంది, తవుడులో ఆర్సెనిక్ ఎక్కువ కాబట్టి. యూరోపియన్ యూనియన్ 2023లో తెల్లబియ్యాన్ని 0.15కు దించింది, పసిపిల్లల ఆహారం కోసం వాడే బియ్యానికి 0.10. అకర్బనం 0.17 వచ్చిన లాట్ ఒక ఓడలో కోడెక్స్ ప్రకారం మంచి బియ్యం, ఇంకో ఓడలో తిరస్కరించదగ్గది.

డీఎంఏను ఎందుకు వదిలేయాలని అడిగేవాళ్లున్నారు. ‘కావచ్చు’ వర్గంలో ఉన్నదాన్ని సున్నాగా చూడటం తొందరపాటని వాళ్ల వాదన. నాచులోని ఆర్సెనోషుగర్లు ఒంట్లో డీఎంఏగా మారతాయన్నది దీనికి బలం చేకూరుస్తుంది. మరోవైపు, మొత్తం ఆర్సెనిక్‌కు పరిమితి పెడితే ప్రమాదం లేని ఆర్సెనోబీటెయిన్ పేరుతో సముద్రపు చేపలన్నీ ఆగిపోతాయి. నియంత్రణ సంస్థలు ఇప్పటికి రెండో వాదన వైపు మొగ్గాయి. బియ్యం వరకు అది సబబే అనిపిస్తుంది, నాచు దినుసుల విషయంలో అంత తేలిక కాదు.

3 పీపీఎం అంటే ఎంత ప్రమాదం?

జేఈసీఎఫ్ఏ ఫాస్ఫేట్లకు, ఆల్జినేట్‌కు 3 మి.గ్రా./కిలో ఇస్తుంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘నీళ్ల కంటే 300 రెట్లు విషం’ అనే ప్రచారం అప్పుడప్పుడూ వినబడుతుంది. 3 పీపీఎం నిండా ఉన్న ఫాస్ఫేట్‌ను ఆహారంలో 0.2 శాతం కలిపారనుకోండి. ఆహారంలో దానివల్ల చేరేది కిలోకు 6 మైక్రోగ్రాములు. అర కిలో తింటే 3 మైక్రోగ్రాములు. పరిమితిలో ఉన్న నీళ్లు రోజుకు 2 లీటర్లు తాగితే 20.

అలాగని పరిమితి లోపల ఉంటే నిశ్చింత అనడానికీ లేదు. జేఈసీఎఫ్ఏ 2010లో అకర్బన ఆర్సెనిక్‌కు పాత వారపు తాత్కాలిక పరిమితిని, శరీర బరువు కిలోకు 15 మైక్రోగ్రాములను, ఇక రక్షణ ఇవ్వదంటూ ఉపసంహరించుకుంది. ఔషధాల్లో ఐసీహెచ్ నేరుగా రోజువారీ మోతాదుతోనే లెక్కిస్తుంది: నోటిద్వారా రోజుకు 15 మైక్రోగ్రాములు. రోజుకు 10 గ్రాముల మందు అనే ఊహ మీద ప్రతి ముడిసరుకుకూ అది 1.5 పీపీఎం అవుతుంది. ఆహార దినుసులకు ఇంకా ఎక్కువగా నడుస్తున్నది గ్రాముకు ఇంత అనే లెక్కే, ఎవరు ఎంత తింటారన్నది దానిలో కనబడదు. జపాన్ పిల్లల పాలపొడిలాంటి చోట ఆ లెక్క సరిపోదు.

ముందు మొత్తం, తర్వాత అవసరమైతేనే విడదీయడం

రూపాలను విడదీసే పరీక్ష ఖరీదైనది, నెమ్మదైనది. అందుకే కోడెక్స్ బియ్యం పరిమితికి ఒక సౌకర్యం ఇచ్చింది: మొత్తం ఆర్సెనిక్ కొలిచి, అదే అకర్బన పరిమితి కంటే తక్కువ ఉంటే ఇక విడదీయనక్కర్లేదు. మొత్తం 0.14 వస్తే అకర్బనం 0.2 దాటే ప్రశ్నే లేదు. మొత్తం 0.285 వస్తే అప్పుడు కాలమ్‌కు పంపాలి.

ఈ సదుపాయం ఒక షరతు మీద నిలబడింది. మొత్తం అంకె ఎక్కువ వైపు తప్పితే నష్టం డబ్బే, అనవసరంగా రెండో పరీక్ష చేస్తారు. హైడ్రైడ్ పద్ధతి విరగని డీఎంఏను కొంత వదిలేసినా అకర్బనం మిగులుతుంది కాబట్టి జల్లెడ పనిచేస్తుంది. కానీ క్షయకరణం చేయని ఆర్సెనేట్, మెగ్నీషియం నైట్రేట్ లేకుండా చేసిన బూడిద, నల్లబడ్డ సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఈ మూడింటిలో ఏది జరిగినా తగ్గేది అకర్బన ఆర్సెనికే. అప్పుడు 0.24 ఉన్న లాట్ 0.16గా కనబడి, విడదీసే పరీక్ష దాకా వెళ్లకుండానే గోదాము దాటుతుంది. జల్లెడగా వాడే ల్యాబ్‌ను అడగాల్సిన కాగితం అందుకే రికవరీ పట్టిక: కరిగించడానికి ముందే నమూనాకు ఆర్సెనేట్ రూపంలో తెలిసిన మోతాదు కలిపి, చివర్లో అందులో ఎంత శాతం తిరిగి వచ్చిందో రాసిన పట్టిక. కరిగించిన తర్వాత కలిపి తెచ్చిన రికవరీ 100 శాతం ఉన్నా, దారిలో పోయినదాని గురించి అది ఏమీ చెప్పదు.